అప్పుకు ముఖం

అప్పు లేని బతుకు బతికానని చెప్పుకోవడం నాకు కొంచెం అలవాటు. బడిపంతులుగా పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లయింది. ఇల్లు కట్టుకోవడానికి చేసిన అప్పు ఉద్యోగంలో ఉండగానే తీరిపోయింది. తరువాత ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ఈ మాట పెళ్లిళ్లలో నలుగురూ కూర్చున్న చోట కాస్త గట్టిగానే అంటానని మా ఇంటామె దెప్పుతుంది. అలాంటి నేను ఈ మధ్య క్రెడిట్ కార్డు తీసుకున్నాను. ఫోనుతో డబ్బు కట్టడానికి పనికివచ్చే కార్డు ఏదా అని మూడు వారాలు వెతికి మరీ తీసుకున్నాను.

సలహా మా అల్లుడిది. బెంగళూరులో ఉద్యోగం. హోసూరుకు వచ్చినప్పుడల్లా నా ఫోను తీసుకుని ఏదో ఒకటి సరిచేసి పోతాడు. "మామా, మీ పింఛను ఖాతానే ఫోనుకు కట్టేసి సంతలో తిరుగుతా ఉండారు. ఎవడన్నా మోసం చేస్తే నెల పింఛనే కాదు, ఉండేదంతా ఊడ్చుకుని పోతాడు. ఆ ఖాతాకూ బజారుకూ నడుమ ఒక గోడ ఉండాల" అన్నాడు. ఆ గోడే క్రెడిట్ కార్డు. నెలంతా కార్డు మీద కొని, నెలకొకసారి పింఛను ఖాతా నుంచి బాకీ తీర్చేయడం. మాట సబబుగానే తోచింది. అప్పు అనేది రక్షణ గోడ కావడం మాత్రం నాకు కొత్త.

కొత్త సంగతి కనుక, తెలియని వారి కోసం నాలుగు ముక్కలు చెప్తాను. ఫోనుతో డబ్బు పంపే యూపీఐ పద్ధతి 2016లో వచ్చింది. అది ఖాతాలో ఉన్న సొంత డబ్బునే కదిలించేది. 2022 జూన్‌లో రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డులను కూడా దానికి కలపవచ్చునని చెప్పింది. మొదలు రూపే కార్డులతో అన్నారు. అంగడివాళ్లు అతికించుకునే గళ్లగళ్ల కాగితాన్ని ఫోనుతో చూపించి క్రెడిట్ కార్డు నుంచి కట్టాలంటే కార్డు రూపేదై ఉండాలి. వీసా, మాస్టర్ కార్డులను ఫోనులో ఎక్కించుకుని యంత్రానికి తాకించి కట్టవచ్చు. అయితే మా సంతలో యంత్రాలెక్కడివి? ఉన్నది కాగితమే. ఏ సంస్థ కార్డు కావాలో కొత్తగా తీసుకునేవారినే అడగాలని 2024 సెప్టెంబరు నుంచి పెద్ద బ్యాంకులకు నియమం ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. నేనే అడిగి ఫారం మార్పించుకున్నాను.

జీతం లేనివాడికి కార్డు ఎట్లా ఇస్తారంటే, డిపాజిట్ మీద ఇస్తారు. యాభైవేలు బ్యాంకులో కట్టిపెట్టాను. నలభైవేల దాకా వాడుకోమన్నారు. నా డబ్బు వాళ్ల దగ్గర ఉంచి, వాళ్ల డబ్బు నేను అప్పు తెచ్చుకుంటున్నానన్నమాట. ఈ మాట మా ఇంటామెకు వివరించబోయి సగంలో ఆపేశాను. షరతుల కాగితాలు పద్దెనిమిది పుటలు, సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చాయి. తెలుగులో లేవు సరే, మేముండే రాష్ట్రం భాషయిన తమిళంలోనూ లేవు. నాకు ఇంగ్లీషు వచ్చు కనుక రెండు రోజులు కూర్చుని చదివాను. రానివాడు చేసే సంతకానికి అర్థమేమిటని అప్పుడే అనుకున్నాను గానీ, ఆ ప్రశ్న తరువాత మరోవైపు నుంచి వచ్చి నా ఎదుట నిలబడుతుందని తెలియదు.

చదివినదాంట్లో నన్ను ఆపినవి రెండు. ఒకటి వడ్డీ. గడువులోగా బాకీ మొత్తం కడితే వడ్డీ లేదు. కొన్న రోజును బట్టి యాభై రోజుల దాకా వాళ్ల డబ్బు ఉచితంగా వాడుకోవచ్చు. మొత్తం కట్టకపోతే నెలకు నూటికి మూడున్నర రూపాయలు. మా పల్లెల్లో నూటికి రెండు రూపాయలంటే మామూలు వడ్డీ, మూడంటే ముఖం చిట్లిస్తారు. ఏడాదికి ముప్పై శాతం దాటకూడదని వినియోగదారుల జాతీయ కమిషన్ 2008లో ఒక తీర్పు ఇచ్చింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. బాకీలో కొంత భాగం కట్టినా చాలు, పరువు దక్కుతుంది, మిగిలినదాని మీద వడ్డీ నడుస్తుంది అనే ఏర్పాటు కూడా ఉంది. అది చదవగానే నాకు తిరుమల గుర్తుకొచ్చింది. శ్రీనివాసుడు పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి కలియుగాంతం దాకా వడ్డీ కడుతూనే ఉంటాడని కదా మనవాళ్లు చెప్పుకునేది! ఆయన అసలు తీర్చడు, వడ్డీ తప్పడు. ఏ బ్యాంకుకైనా అంతకన్న ముద్దొచ్చే ఖాతాదారుడు ఉండడు. కానీ ఆయన వడ్డీ కట్టేది హుండీలోంచి. ఆ హుండీలో వేసేది మనం.

రెండోది ఇదే, ఎవరి వడ్డీ ఎవరు కడుతున్నారన్నది. నేను ఖర్చు పెట్టినందుకు బ్యాంకు నాకు పాయింట్లని కానుకలిస్తుంది. యాభై రోజులు ఉచితంగా అప్పిచ్చి, పైన కానుకలు కూడా ఇచ్చేవాడికి అవి ఎక్కడి నుంచి వస్తాయి? చిన్న అంగళ్లలో రెండువేల దాకా కొంటే అంగడివాడికి రుసుం లేదు. అంతకు మించితే కార్డు మామూలు రుసుం పడుతుంది, వందకు రూపాయిన్నరో రెండో. అది అంగడివాడి లాభంలోంచి పోతుంది, లేదా ధరలో కలుస్తుంది. ధరలో కలిస్తే రొక్కం ఇచ్చి కొనేవాడూ నా కానుకకు చందా వేసినట్టే. ఇక మిగతాది గడువు తప్పినవాళ్లు కట్టే వడ్డీ నుంచి రావాలి. నాలాంటి క్రమశిక్షణ గల పంతులు లాభపడేది ఎక్కడో ఒకడు ఆస్పత్రి బిల్లు కార్డు మీద గీకి తీర్చలేకపోవడం వల్ల. ఇది పాపమా అని నన్ను నేను అడుగుకున్నాను. పెద్ద పాపం కాదని తేల్చుకుని సంతకం పెట్టాను. ఆ తేల్చుకోవడంలో ఎంత న్యాయం ఉందో, ఎంత సోమరితనం ఉందో నాకే తెలియదు.

క్రెడిట్ కార్డులు మనవాళ్లకు కొత్త కాదని ఇక్కడ ఒక మాట. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులు ఇచ్చింది. దేశంలో మొదటివాళ్లలో అదొకటి. 2020లో ఆ బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయింది. పేరులో మన ఊసున్న బ్యాంకు బోర్డు రాష్ట్రం వెలుపల కనబడితే సంతోషించే కాలం అట్లా పోయింది.

సరే. అరువు అంటే నాకు మొదట గుర్తుకొచ్చేది కెలమంగలం దగ్గర మా పల్లె. మా ఊళ్లో దీనికి మూడు మాటలు. తెలుగిళ్లలో అరువు, కన్నడిగులకు సాల, తమిళులకు కడన్. మాటేదైనా శెట్టి అంగట్లో పద్దు పుస్తకం ఒకటే. రాగులు ఇంటికొచ్చే దాకా మా నాయన పద్దు దాంట్లో పెరిగేది. నన్ను ఉప్పుకూ నూనెకూ పంపేవాళ్లు. రొక్కం ఇచ్చేవాళ్లంతా పోయాక గానీ శెట్టి నా వైపు చూసేవాడు కాదు. చూసినా వెంటనే ఇవ్వడు. "మీ నాయన యాడికి పోయినాడు? నిన్న గూడా రాలేదే" అని పదిమందికీ వినబడేట్టు అడిగి అప్పుడు కొలిచేవాడు. నూనె గిన్నె పట్టుకుని నిలబడిన ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. ఇంకో సంగతి కూడా గుర్తుంది. ఊరి వెలుపలి కాలనీవాళ్లకు ఆ పుస్తకంలో పుట లేదు. వాళ్లు మాతో పాటే కూలికి పోయేవాళ్లు, మాకన్న నమ్మకస్తులు. అయినా వాళ్లకు రొక్కమే. పాత రోజుల్లో అప్పుకు మానవత్వం ఉండేదని రాసే పెద్దమనుషులను చూస్తే అంచేత నాకు కొంచెం చిరాకు. అప్పుకు ముఖం ఉండేది, నిజమే. ఆ ముఖం కులం కూడా అడిగేది.

ఆ లెక్కన చూస్తే బ్యాంకు యంత్రం నా కులం అడగలేదు, మా నాయన ఎక్కడికి పోయాడని నలుగురిలో అడగలేదు. యాభైవేల డిపాజిట్ ఒకటి అడిగింది. ఈ మేలును నేను తక్కువ చేయను.

ఇప్పుడు అసలు సంగతి. మా ఇంటికి దగ్గరలో రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకునే ఆమె ఉంది. బాగలూరు వైపు పల్లె. మాతో తెలుగులో మాట్లాడుతుంది, పక్కనామెతో కన్నడం, పోలీసులతో తమిళం. ఆమె ముందున్న చిన్న పెట్టె, డబ్బు పడగానే ఎంత పడిందో తమిళంలో అరుస్తుంది. కార్డు వచ్చిన కొత్తలో, కార్తీక మాసం, ఇంటికి చుట్టాలు రావడంతో చాలానే కొన్నాను. నూట ఎనభై రూపాయలైంది. ఫోను చూపించాను. కుదరదని వచ్చింది. మళ్లీ చూపించాను. మళ్లీ అదే. తరువాత అల్లుడు చెప్పాడు: ఆమె కాగితం అంగడి పేరున ఉన్నది కాదట, సొంత ఖాతాదట. క్రెడిట్ కార్డు నుంచి మనిషికి డబ్బు పంపనివ్వరు, అంగడికే. యూపీఐ కన్నుకు ఆమె అంగడి కాదు. పదహారేళ్లుగా ఎండలో కూర్చుని అమ్ముతున్న ఆమె అంగడి కాదు! పింఛను ఖాతాను గోడ కట్టే ఉత్సాహంలో నేనే ఫోను నుంచి తీసేశాను. జేబులో రొక్కం లేదు. ఫోనులు వచ్చాక జేబులో రొక్కం పెట్టుకోవడం మానేశాం కదా.

"రేపియ్యండి పోండి సారూ, యాడికి పోతారు" అంది. సంచి నింపి ఇచ్చింది.

మరునాడు కూతురు దగ్గరికి బెంగళూరు పోయాం. అక్కడి నుంచి వచ్చాక జలుబు. ఆ తరువాత ఏమో. బ్యాంకు నుంచి మాత్రం వరుసగా కబుర్లు వచ్చాయి. మీ బాకీ మూడువేల నాలుగువందల అరవై, గడువు ఫలానా తేదీ. ఐదుసార్లు వచ్చి ఉంటాయి. గడువుకు రెండు రోజుల ముందే కట్టేసి, చూశారా నా క్రమశిక్షణ అన్నట్టు మా ఇంటామె వైపు చూశాను. "ఆ కూరగాయలామెకు ఇచ్చినారా?" అంది ఆవిడ. అప్పటికి పదకొండు రోజులు.

వెంటనే వెళ్లాను. మనిషి లేదు. కూతురి కాన్పుకు పోయిందని పక్కనామె చెప్పింది. డబ్బు ఆమె చేతికివ్వబోతే, "నాకెందుకు సారూ, ఆమె వచ్చినాక ఆమె చేతికే ఇయ్యండి" అని వెనక్కు తోసింది. ఆ తోయడంలో నామీద కోపం ఉందో, నియమం ఉందో. నేను నిలబడి ఉండగానే ఆమె తన గొడవ చెప్పుకొచ్చింది. పొద్దున సరుకు తేవడానికి తొమ్మిదివందలు అప్పు తీసుకుంటే సాయంత్రానికి వెయ్యి కట్టాలట. ఇద్దరూ ఒకడి దగ్గరే తీసుకుంటారట. ఇలాంటి వడ్డీలను నిషేధిస్తూ తమిళనాడులో 2003లోనే చట్టం వచ్చింది. చట్టం ఉంది, వడ్డీ కూడా ఉంది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. పంతుల బుద్ధి. తొమ్మిదివందలకు రోజుకు వంద అయితే నూట ఎనభైకి ఇరవై. పదకొండు రోజులకు రెండువందల ఇరవై. అసలుకన్న ఎక్కువ. వాళ్లు నూట ఎనభైలు ఇవ్వరు, తొమ్మిదివందలే ఇస్తారు కనుక లెక్క అచ్చంగా ఇట్లా నడవదు. అయినా నాకు నిద్ర పట్టలేదు. బ్యాంకు నాకు యాభై రోజులు ఉచితంగా అప్పిస్తోంది, నా డబ్బు తాకట్టు పెట్టుకుని. ఆమె నాకు ఉచితంగా అప్పిచ్చింది, తాను రోజు వడ్డీకి తెచ్చిన డబ్బులోంచి, తాకట్టు లేకుండా. బ్యాంకు బాకీ నాకు గుర్తుంది. ఆమె బాకీ నేను మరిచిపోయాను. గుర్తు చేసే పని బ్యాంకు చేసింది కనుక గుర్తుంది. అంటే ఇన్నాళ్లూ నేను నిజాయితీ అనుకున్నది ఏమిటి? అడిగినవాడికి ఇవ్వడమా? శెట్టి పదిమందిలో అడిగేవాడు కనుక మా నాయన కట్టేవాడా? కాదు, మా నాయన అడగకముందే కట్టేవాడు. రాగులు అమ్మిన రోజు ఇంటికి రాకుండా నేరుగా అంగడికి పోయేవాడు. అది నాకు తెలుసు కనుకే నిద్ర పట్టలేదు.

ప్లేటో 'రిపబ్లిక్' మొదట్లో ఒక ముసలి వర్తకుడు వస్తాడు. నిజం చెప్పడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం, న్యాయమంటే ఇంతే కదా అన్నది ఆయన ధోరణి. మిత్రుడు మంచి బుద్ధితో ఉన్నప్పుడు దాచమని ఇచ్చిన ఆయుధాన్ని, పిచ్చెత్తి వచ్చి అడిగితే ఇచ్చేస్తావా అని సోక్రటీసు ఆయన్ను ఇరుకున పెడతాడు. కళాశాలలో చదివినప్పుడు అది తెలివైన వాదం అనిపించింది, అంతే. ఇప్పుడు నా ప్రశ్న దానికి తిరగేసినది. తీసుకున్నది తీసుకున్నట్టే ఇస్తే సరిపోతుందా? నేను ఆమెకు ఇవ్వాల్సింది నూట ఎనభైయా, నాలుగువందలా?

నాలుగువందలు చేతిలో పెట్టుకుని పోదామనుకున్నాను. మా ఇంటామె ఆపింది. "ఆమె వడ్డీకిచ్చినట్టు చేస్తారా? ఆమె పక్క ఊరి వడ్డీవాడా?" అంది. నిజమే. మర్యాదగా ఇచ్చిన చేబదులుకు వడ్డీ కడితే ఆ మర్యాద కొనేసినట్టు. కట్టకపోతే ఆమె నష్టం నా జేబులో ఉన్నట్టు. దీనికి మధ్య దారి నాకు దొరకలేదు. వేరే సాకుతో ఇవ్వడం, కాన్పుకని, బిడ్డకని, మనవాళ్లకు తెలిసిన దారే. మా ఇంటామె సూచించింది కూడా అదే. నాకు మాత్రం అది కొంచెం దొంగతనంగానే తోచింది. తప్పు ఒప్పుకోకుండా తీర్చే బాకీ కదా అది.

మూడు వారాలకు ఆమె వచ్చింది. నూట ఎనభై ఇచ్చి, మరిచిపోయానని, చుట్టాలనీ జలుబనీ సాకు చెప్పకుండా, చెప్పాను. "అయ్యో, నేను గూడా మరిసిపోయినా సారూ" అంది. అబద్ధం. నోటు ముందే మడిచి కొంగున కట్టుకున్న తీరులో తెలిసింది. మనవరాలికని మా ఇంటామె ఇచ్చిన గౌను తీసుకుంది. దాంట్లో డబ్బు పెట్టలేదు.

పోబోతుంటే పిలిచింది. "సారూ, మీకు ఈ కార్డుల సంగతి తెలుసు కదా. బ్యాంకోళ్లు నాకు గూడా ఇస్తామంటా ఉండారు. తీసుకోవచ్చునా?" వీధి వ్యాపారులకు 2020 నుంచి స్వనిధి పేరున అప్పులిస్తున్నారు. ఆమె మొదటి విడత, రెండో విడత తీసుకుని తీర్చేసింది. ఆ డబ్బులో చాలా భాగం పెళ్లికి పోయింది, కిస్తీలు మాత్రం తప్పలేదు. రెండో విడత తీర్చినవాళ్లకు యూపీఐకి కలిసే రూపే క్రెడిట్ కార్డు ఇవ్వాలని 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. నేను మూడు వారాలు వెతికి తీసుకున్న లాంటి కార్డే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

ఏమి చెప్పాలి? రోజుకు నూటికి పదకొండు రూపాయల వడ్డీ కట్టేమనిషికి నెలకు నూటికి మూడున్నర అంటే అమృతం. తీసుకోమ్మా అని వెంటనే అనేయవచ్చు. కానీ పద్దెనిమిది పుటల ఇంగ్లీషు ఉంది. కనీస బాకీ అనే కమ్మని ఏర్పాటు ఉంది. సాయంత్రం వచ్చి వెయ్యి అడిగే వాడికి ఆమె భయపడుతుంది, ఆ భయమే ఆమెను ఏ రోజు అప్పు ఆ రోజు తీర్చేట్టు చేస్తోంది. నెల తరువాత వచ్చే కబురుకు అంత భయం ఉంటుందా? ఇట్లా ఆలోచిస్తూ నాకు నామీదే కోపం వచ్చింది. బ్యాంకు ఆమెను నమ్ముతానంటే, ఆమె నమ్మదగినదా అని నేను పరీక్ష పెడుతున్నాను, మూలన నూనె గిన్నెతో నిలబడిన పిల్లవాడిని శెట్టి చూసినట్టు. బాకీ మరిచిపోయింది ఎవరు?

అన్నిటికన్న ముందు ఒక చిన్న సంగతి తేలాలి. ఆ కార్డు నుంచి రొక్కం రాదు. మనిషికి పంపడం కుదరదు. సరుకు కొనే చోట నేరుగా కడితేనే ఉపయోగం. మండీలో ఆమెకు సరుకిచ్చే సేటు అతికించుకున్న కాగితం అంగడి పేరున ఉందా, ఆయన సొంత ఖాతాదా? అంగడిదైతే రేపటి నుంచి వడ్డీవాడి ముఖం చూడనక్కర్లేదు. సొంతదైతే కార్డు ఉండీ లేనట్టే. ఆమెకు తెలియదు, ఎప్పుడూ రొక్కమే ఇచ్చింది. నా కార్డుతో ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది. రెండు బుట్టల టమాటా కొంటే సరి, ఇంట్లో ఏమి చేసుకోవాలో తరువాత చూసుకోవచ్చు.

మండీ తెల్లవారుజామున నాలుగున్నరకంతా మొదలవుతుందట. రేపు వస్తానని చెప్పాను. గంట కొట్టేట్టు ఫోనులో పెట్టుకున్నాను. ఈసారి జేబులో రొక్కం కూడా పెట్టుకున్నాను.